క్విల్ట్ ఎగ్జిబిషన్ ఎలా చూడాలి: హ్యూస్టన్ వెళ్లేవాళ్లకి ఒక బొంతల పిచ్చిదాని సలహాలు

ప్రతి ఏడూ దసరా టైం వచ్చేసరికి నాకు వాట్సాప్‌లో ఒకటే ప్రశ్న, ఆ బొంతల ఎగ్జిబిషన్ ఎప్పుడు, అమ్మ వచ్చి ఉంది తీసుకెళ్దామనుకుంటున్నా, ఎంతసేపు పడుతుంది, పిల్లలు ఉండగలరా అని. ఒక్కొక్కరికీ వాయిస్ మెసేజ్‌లు పెట్టి పెట్టి గొంతు పోతోంది కాబట్టి మొత్తం ఒక్కచోట రాసేస్తున్నా, ఓపికున్నవాళ్లు చదువుకోండి.

నేను చెప్పేది హ్యూస్టన్ డౌన్‌టౌన్‌లో జార్జ్ ఆర్ బ్రౌన్ కన్వెన్షన్ సెంటర్‌లో ఏటా జరిగే ఇంటర్నేషనల్ క్విల్ట్ ఫెస్టివల్ గురించి. 1970ల మధ్యలో కేరీ బ్రెసెన్‌హాన్ అనే ఆవిడ తన క్విల్ట్ షాపుకొచ్చే కస్టమర్ల కోసం చిన్నగా మొదలుపెట్టింది, ఇప్పుడేమో జపాన్ నుంచి ఆస్ట్రేలియా నుంచి కూడా ఖాళీ సూట్‌కేసులు పట్టుకుని దిగుతారు జనం. మనవాళ్లు కేటీలో, షుగర్‌ల్యాండ్‌లో అంతమంది ఉన్నాం కదా, ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉంటూ ఒక్కసారి కూడా వెళ్లనివాళ్లు నాకు బోలెడంతమంది తెలుసు. దుప్పట్లు చూడటానికి టికెట్టా అంటారు. మా ఆయన కూడా మొదట అలాగే అన్నాడు లెండి.

ముందు ఒక్క ముక్క తెలుసుకుని వెళ్లండి. క్విల్ట్ అంటే మన బొంతే. పైన ఒక బట్ట, మధ్యలో దూదిలాంటి పొర, కింద అస్తరు, ఈ మూడూ జరగకుండా కలిపి కుట్టే కుట్టు. ఆ కలిపి కుట్టడాన్నే క్విల్టింగ్ అంటారు. పైబట్ట కోసం ముక్కలు అతకడం వేరే పని, దాన్ని పీసింగ్ అంటారు, బట్ట మీద బట్ట పెట్టి కుట్టడం అప్లికే. మనవాళ్లు ఈ మూడూ కలిపేసి అతుకుల బొంత అనేస్తారు, కానీ ఒక్క అతుకు కూడా లేకుండా ఒకే గుడ్డ మీద కేవలం కుట్టుతోనే నెమళ్లూ తీగలూ తెప్పించేవి కూడా అక్కడ ఉంటాయి. ఇక ఆర్ట్ క్విల్ట్ అంటే మంచం మీద పరిచేది కాదు, గోడకి పెట్టుకోడానికే చేసేది. బొంతని గోడకెక్కించడం ఏంటి అని నవ్వకండి, 1971లో న్యూయార్క్ విట్నీ మ్యూజియం వాళ్లు మామూలు ఇళ్లలో వాడిన పాత అమెరికన్ క్విల్ట్‌లని పెయింటింగుల్లాగా తెల్లగోడల మీద పెట్టి చూపించారు, అప్పట్నుంచీ సీన్ మారిపోయింది. 1979లో ఒహాయో రాష్ట్రం ఏథెన్స్ ఊళ్లో ఒక పాత పశువుల కొట్టంలో క్విల్ట్ నేషనల్ అని ఆర్ట్ క్విల్ట్‌ల కోసమే ఒక ప్రదర్శన పెట్టారు, అది రెండేళ్లకోసారి ఇప్పటికీ నడుస్తోంది. పశువుల కొట్టం అని ఊరికే అనడంలా, నిజంగా డైరీ ఫారం బిల్డింగే.

సరే, మొదటి పని డేట్లు చూసుకోవడం. అక్టోబర్‌కీ నవంబర్ మొదటికీ మధ్య ఎప్పుడో పడుతుంది, ఏటా ఒకే వారం కాదు, కాబట్టి పోయినేడు ఫలానా తారీఖు అన్న జ్ఞాపకం మీద లీవు పెట్టకండి, వాళ్ల వెబ్‌సైట్‌లో చూసుకుని పెట్టండి. టికెట్ ఆన్‌లైన్‌లోనే కొనేస్తే లైన్ తప్పుతుంది. క్లాసులు కూడా ఉంటాయి, వాటికి ముందే విడిగా రిజిస్టర్ చేసుకోవాలి, మంచివి తొందరగా నిండిపోతాయి. కుట్టు రానివాళ్లకి మొదటిసారే క్లాసులు వద్దు, చూడటానికే కాళ్లు సరిపోవు.

వీలైతే శనివారం వద్దు. గురువారమో శుక్రవారమో ఒక లీవు పెట్టి పొద్దున్నే తెరిచేసరికి అక్కడుండండి. వీకెండ్ జనంలో ఒక్కో క్విల్ట్ ముందు మూడు వరసలుంటారు, ఇక దగ్గరికెళ్లి కుట్టు చూసేదేముంది, ముందున్నావిడ జడ చూసి రావాలి. ఆదివారం సాయంత్రం కొంచెం పల్చబడుతుంది కానీ అప్పటికి షాపులవాళ్లు మెల్లిగా సర్దుకునే మూడ్‌లో ఉంటారు.

కారైతే చుట్టూ పార్కింగ్ గరాజ్‌లు ఉన్నాయి. డౌన్‌టౌన్ డ్రైవింగ్ భయమైతే మెట్రో రైలు గ్రీన్, పర్పుల్ లైన్లకి కన్వెన్షన్ డిస్ట్రిక్ట్ అని స్టేషనే ఉంది, దిగి నడిస్తే చాలు. బిల్డింగ్ గుర్తుపట్టడం తేలిక, బయటికి పెద్ద పెద్ద గొట్టాలు కనిపిస్తూ ఓడలాగా ఉంటుంది, ఎదురుగా డిస్కవరీ గ్రీన్ పార్కు.

ఏం తీసుకెళ్లాలి అంటే, మంచి వాకింగ్ షూస్ (చీర కట్టుకున్నా సరే కింద షూసే, నా మాట వినండి), ఒక పల్చటి స్వెట్టర్ ఎందుకంటే లోపల ఏసీ వణికిస్తుంది, చిన్న నోట్‌బుక్, పెన్సిల్, ఫోన్ ఫుల్ ఛార్జ్. భుజానికి వేసుకునే చిన్న బ్యాగ్ చాలు, పెద్ద బ్యాక్‌ప్యాక్ వేసుకుని వెనక్కి తిరిగితే ఎవరి రెండేళ్ల కష్టానికో తగులుతుంది. పెద్దవాళ్లకి మోకాళ్ల నొప్పులుంటే మొహమాటపడకుండా వీల్‌చైర్ తీసుకోండి. మా అత్తయ్య మొదట ఛీ నేనేమన్నా రోగిష్టిదాన్నా అంది, గంటన్నర తర్వాత ఆవిడే బాబూ ఆ కుర్చీ ఏదీ అని అడిగింది.

లోపలికి వెళ్లగానే ఒక పెద్ద ప్రమాదం ఉంది, అది షాపులు. వందల కొద్దీ స్టాళ్లు, రంగురంగుల బట్టలు, కత్తెరలు, దారాలు, మిషన్లు. మీరు అటు తిరిగారో అయిపోయారు, మధ్యాహ్నం రెండుకి చూసుకుంటే చేతిలో నాలుగు సంచులుంటాయి, క్విల్ట్ ఒక్కటి కూడా చూసుండరు. కాబట్టి రూలు ఏంటంటే ముందు క్విల్ట్‌లు, తర్వాత అన్నం, ఆ తర్వాతే షాపులు. ఎంట్రన్స్‌లో ఇచ్చే మ్యాప్ తీసుకుని ఎగ్జిబిట్స్ ఏ వైపో చూసుకుని తల దించుకుని అటే నడవండి.

ఇక అసలు విషయం. అన్నీ చూడాలనుకోకండి. వందల క్విల్ట్‌లుంటాయి, అన్నిటి ముందూ అరనిమిషం చొప్పున నడుచుకుంటూ పోతే ఇంటికొచ్చాక ఒక్కటీ గుర్తుండదు, బట్టల షాపులో నాలుగొందల చీరలు విప్పించి చూసినట్టుంటుంది, చివరికి ఏది ఏదో తెలీదు. నేను చేసేదేంటంటే మొదటి గంట ఊరికే నడుస్తా, ఆగను. నడుస్తుంటే కొన్ని కాళ్లు పట్టుకుంటాయి, వాటి నంబర్ నోట్‌బుక్‌లో రాసుకుంటా. పది దాటనివ్వను. కాఫీ తాగొచ్చి ఆ పది దగ్గరికే మళ్లీ వెళ్తా, ఒక్కోదానికి పది నిమిషాలు. మిగతావి దారిలో కనపడ్డంత వరకే.

ఆ పది నిమిషాలూ ఏం చూడాలి అనే కదా మీ డౌటు. మూడుసార్లు చూడాలి, దూరం నుంచి, దగ్గర నుంచి, వెనక నుంచి.

దూరం అంటే పదిహేను అడుగులన్నా ఉండాలి. అక్కణ్నుంచి రంగులూ బొమ్మా తెలుస్తాయి. కొన్ని క్విల్ట్‌లు దగ్గరికెళ్తే ఒట్టి చుక్కలూ గీతల్లా ఉండి దూరంగా జరిగితే మొహం అయిపోతాయి. కళ్లు సగం మూసి చూడండి, లేదా ఫోన్‌లో ఫొటో తీసి దాన్ని బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి, ముదురు లేత ఎలా పేర్చారో అప్పుడు బయటపడుతుంది. క్విల్ట్ చేసేవాళ్లు కూడా కుట్టే ముందు ఇదే పని చేస్తారు, ముక్కలన్నీ గోడకి అంటించుకుని దూరం జరిగి చూసుకుంటారు.

దగ్గర అంటే చెయ్యి చాపితే అందేంత దూరం, కానీ చెయ్యి చాపకూడదు, అది గుర్తుంచుకోండి. ముట్టుకోవద్దు అని ఎక్కడికక్కడ బోర్డులుంటాయి. మన చేతికి ఎంత కడిగినా కొంచెం నూనె, చెమట ఉంటాయి, ఒక్కరు ముడితే ఏం కాదు, వేలమంది తలా ఒకసారి అదే మూల ముడితే నాలుగు రోజుల్లో నల్ల మరక. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడటం బెస్ట్, గుడిలో ప్రదక్షిణం చేస్తున్నట్టు.

దగ్గరికెళ్లాక అంచు దగ్గర మొదలుపెట్టండి. చుట్టూ కుట్టిన పట్టీని బైండింగ్ అంటారు, మూలలు సరిగ్గా మడిచారా, పట్టీ లోపల బోలుగా కాకుండా నిండుగా ఉందా చూడండి, పోటీ జడ్జీలు కూడా ఇవి చూస్తారు. తర్వాత వేలాడే తీరు, అడుగు అంచు తిన్నగా ఉందా, అలల్లాగా ఊగుతోందా. తర్వాత కుట్టు. చేత్తో కుట్టిందయితే కుట్టుకీ కుట్టుకీ మధ్య సందులుంటాయి, మిషన్ అయితే గీత ఏకంగా పోతుంది. చెయ్యి తిరిగినవాళ్లు అంగుళానికి పది, పన్నెండు కుట్లు వేస్తారు, అదీ మూడు పొరల్లోంచి. పైన కనపడే కుట్లు మాత్రమే లెక్క. మీ చిటికెన వేలి గోరు అర అంగుళం కన్నా తక్కువే ఉంటుంది కదా, అంతలో నాలుగైదు కుట్లు అన్నమాట. నేను మొదటిసారి లెక్కపెట్టి నమ్మలేక రెండోసారి లెక్కపెట్టా.

ఇంకో చిట్కా. ఎదురుగా మాత్రమే నిలబడకండి, పక్కకి జరిగి ఏటవాలుగా చూడండి. ఒకసారి నల్లబట్ట మీద నల్లదారంతో కుట్టిన ఒకటి ఉంది, ఎదురుగా చూస్తే ఏమీ లేదు, నల్ల పరదా అంతే, చాలామంది అలాగే దాటి వెళ్లిపోతున్నారు. నేను దాని పక్కనున్నది చూస్తూ ఉండగా కంటికొనలో ఏదో కదిలినట్టయింది. తిరిగి చూస్తే లైటు పక్కనుంచి పడుతున్న చోట మొత్తం గుడ్డంతా ఈకలు, పైనుంచి కిందిదాకా ఒకదాని మీద ఒకటి, కుట్టు లేనిచోట బట్ట ఉబ్బింది, కుట్టు దట్టంగా ఉన్నచోట నొక్కుకుపోయింది, ఆ ఎత్తుపల్లాల నీడే బొమ్మ. రంగు అంటూ ఏదీ లేదు. ఒక్క అడుగు కుడికి జరిగితే సగం ఈకలు మాయం. నేను పీతలాగా ఆ పక్కకీ ఈ పక్కకీ నడుస్తుంటే మా అమ్మాయి అమ్మా అందరూ చూస్తున్నారు అని గొణుగుతోంది.

ఇక వెనక. మీరు ఈ మొత్తంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటే ఇదే గుర్తుపెట్టుకోండి, వెనక చూడకుండా రాకండి. ప్రదర్శన హాల్లో తెల్ల గ్లవుజులు వేసుకుని వాలంటీర్లు తిరుగుతుంటారు, ఎక్కువగా పెద్దావిడలే. మీరు వెళ్లి దీని వెనక చూడొచ్చా అని అడిగితే చాలు, నవ్వుతూ వచ్చి ఆ గ్లవుజుల చేత్తో అంచు జాగ్రత్తగా తిప్పి చూపిస్తారు. అది వాళ్ల పనే, ఇబ్బంది పెడుతున్నాం అనుకోవద్దు.

మొదటి ఏడాది నాకు ఈ సంగతి తెలీదు. అత్తయ్యతో వెళ్లా. ఆవిడ ఊళ్లో బొంతలు కుట్టిన మనిషి, బట్ట చేతికందితే తిరగేసి చూడటం ఆవిడకి అలవాటు, చీర కొన్నా జాకెట్టు కుట్టించినా ముందు తిరగేస్తుంది. ఒక పెద్ద ఎర్ర తెల్ల క్విల్ట్ ముందు నిలబడి నేను కార్డు చదివేలోపే ఆవిడ చెయ్యి అంచు మీదకెళ్లిపోయింది. వెనక నుంచి మేడమ్ అని కేక. నాకు భూమిలోకి కూరుకుపోయినట్టయింది. గ్లవుజులావిడ దగ్గరకొచ్చి, తిట్టకపోగా, ఆవిడే తిప్పి చూపించింది. అత్తయ్య వంగి చూసి, ముడి ఏదీ, ఈవిడ ముడి ఎక్కడ దాచింది, అడుగు అంది. నేను ట్రాన్స్‌లేట్ చేసి అడిగితే ఆవిడ మొహం వెలిగిపోయింది. ముడిని దారంతో పాటు లాగి బట్టలోంచి లోపలికి పుటుక్కున దూర్చేస్తారట, పైనా కిందా ఎక్కడా కనపడకుండా మధ్య దూదిపొరలో ఉండిపోతుందట. అత్తయ్య ఒక్క నిమిషం ఆలోచించి, మేం గూడా అంతే చేసేవాళ్లం, కాపోతే పడుకుంటే గుచ్చుకోకూడదని, అంది. ఇంగ్లీషు రాని మా అత్తయ్యా తెలుగు రాని ఆ టెక్సాస్ ఆవిడా పావుగంట సేపు వేళ్లతోనే మాట్లాడుకున్నారు. అప్పట్నుంచీ నాకు అర్థమైంది, ఈ ఎగ్జిబిషన్‌కి గైడు కావాలంటే కుట్టు తెలిసిన మన పెద్దావిణ్ని ఒకరిని వెంట పెట్టుకెళ్లాలి.

వెనక ఏముంటుంది అంటే, చాలా ఉంటుంది. కుట్టు ముందెంత నీటుగా ఉందో వెనకా అంతే ఉందా, మిషన్ దారం బిగువు సరిపోక చుక్కలు చుక్కలుగా తేలిందా. పైన కర్ర దూర్చడానికి ఒక గొట్టంలాంటి గుడ్డ కుట్టి ఉంటుంది, దాన్ని స్లీవ్ అంటారు, దాని వల్లే క్విల్ట్ బరువు ఒక్కచోట పడకుండా వేలాడుతుంది. మూలన లేబుల్ ఉంటుంది, చేసినవాళ్ల పేరు, ఊరు, ఏడాది. కొందరు వెనకవైపు ఇంకో డిజైనే పెడతారు, అది గోడకి ఆనుకుని ఎవరికీ కనపడదని తెలిసి కూడా. ఆర్ట్ క్విల్ట్‌లలో కొన్నిటికి వెనక చూస్తే ముందు బొమ్మ మొత్తం ఒట్టి దారపు గీతలతో గీసినట్టు ఉంటుంది, నాకైతే చాలాసార్లు ముందుకన్నా అదే నచ్చుతుంది.

కార్డు చివర్లో చదవండి. ముందే చదివితే వాళ్లు చెప్పిందే కనపడుతుంది. కార్డు మీద పేరు, చేసినవాళ్లు, కొలతలు, పద్ధతి, సొంత డిజైనా ఎవరిదన్నా ప్యాటర్నా అన్నవి ఉంటాయి. ఒకటి గమనించండి, కొన్నిటి మీద ఇద్దరి పేర్లుంటాయి, పైబట్ట అతికినవాళ్లు ఒకరు, క్విల్టింగ్ చేసినవాళ్లు ఇంకొకరు. లాంగార్మ్ అని పెద్ద మిషన్ ఉంటుంది, దానికి క్విల్ట్‌ని ఫ్రేమ్‌లో బిగించి మిషన్ తలనే తిప్పుతూ కుడతారు, అది అందరి దగ్గరా ఉండదు కాబట్టి ఆ పని చేసిపెట్టేవాళ్లు వేరే ఉంటారు. ఇద్దరి పేర్లూ రాయడం నాకు భలే నచ్చుతుంది, మన దగ్గర మగ్గం వర్క్ జాకెట్టు మీద కుట్టినతని పేరు ఎవరన్నా రాస్తారా చెప్పండి.

ఫొటోలు తీసుకోవచ్చు, వద్దు అని బోర్డు పెట్టినవాటికి తప్ప. ఫ్లాష్ వద్దు. క్విల్ట్ ఫొటో తీసిన వెంటనే దాని కార్డు ఫొటో కూడా తీయండి, లేకపోతే వారం తర్వాత ఎవరిదో తెలీదు. ఇన్‌స్టాలో పెట్టేటప్పుడు పేరు రాయండి దయచేసి.

ఆర్ట్ క్విల్ట్‌లు చూసేటప్పుడు కొంతమంది మనవాళ్లు ఇది బట్టేనా అని అనుమానపడతారు, అది మంచి అనుమానమే. సాక్వా అని ఆర్ట్ క్విల్ట్‌లు చేసేవాళ్ల సంఘం ఒకటి 1989లో మొదలైంది, వాళ్ల ప్రదర్శనలు హ్యూస్టన్‌లో చూడొచ్చు, అక్కడ తుప్పుపట్టిన ఇనుముతో మరకలు వేయించిన గుడ్డా ఉంటుంది, చింపి అంచులు పీచులు పీచులుగా వదిలేసిన ముక్కలూ ఉంటాయి, మిషన్‌నే పెన్సిల్‌లా వాడి దారంతో బొమ్మేసినవీ ఉంటాయి. ముందు దేంతో చేశారు అని మిమ్మల్ని మీరే అడగండి, తర్వాత ఎందుకు అదే వాడారు అని. పట్టు అయితే వెలుగుకి మెరుస్తుంది, నూలు అయితే వెలుగుని పీల్చుకుంటుంది, ఆర్గంజా అయితే కింద రంగు కనపడుతుంది. బిసా బట్లర్ అనే ఆఫ్రికన్ అమెరికన్ ఆర్టిస్టు పోర్ట్రెయిట్‌లు ఎప్పుడైనా ఎక్కడైనా కనపడితే వదలకండి, పాత ఫొటోల్లో మనుషుల్ని తీసుకుని చర్మాన్ని కూడా ఊదా, ఎరుపు, పచ్చ ప్రింట్ బట్టలతో కడుతుంది, ఆఫ్రికన్ వ్యాక్స్ ప్రింట్ గుడ్డల మీద ఉన్న డిజైన్లకి ఉండే అర్థాలు కూడా ఆ బొమ్మలో కలుస్తాయి.

అందంగా లేదు, వంకరగా ఉంది అనిపించినవాటి దగ్గర తొందరపడకండి. అలబామాలో జీస్ బెండ్ అని ఊరుంది, అక్కడి నల్లజాతి ఆడవాళ్లు పొలం పనికి వేసుకుని చిరిగిన ప్యాంట్లూ చొక్కాలూ కోసి బొంతలు కుట్టేవాళ్లు, గీతలు వంకర, ముక్కలు సమానంగా ఉండవు. వాటి పెద్ద ప్రదర్శన 2002లో ఇదే హ్యూస్టన్‌లో ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో మొదలైంది, అక్కణ్నుంచి విట్నీకి వెళ్లింది, 2006లో పోస్టల్ స్టాంపులు కూడా వేశారు. ఆ ఊరి బొంతల్లో ఒకటి మిజూరి పెట్‌వే అనే ఆవిడ 1942లో కుట్టింది. భర్త పోయాక ఆయన పనిబట్టలే కోసి బొంత చేసి అదే కప్పుకుంది. ఫొటోలో చూసినా ప్యాంటు మోకాలి దగ్గర రంగు వెలిసింది తెలుస్తుంది. దాన్ని బైండింగ్ నిండుగా ఉందా అని కొలవలేం కదా. అందుకే అంటున్నా, పోటీకి పెట్టిన క్విల్ట్‌కి ఒక కన్ను, ఇలాంటివాటికి ఇంకో కన్ను.

పాత క్విల్ట్‌ల సెక్షన్ ఉంటే మా బందరువాళ్లు కాస్త ఛాతీ విరుచుకుని వెళ్లొచ్చు. లేత పసుపు తెలుపు బట్ట మీద పూలచెట్టూ పిట్టలూ విడివిడిగా కత్తిరించి అంటించి కుట్టిన పాతకాలం క్విల్ట్‌లు కనపడతాయి, ఆ పద్ధతిని బ్రోడరీ పర్స్ అంటారు. ఆ పూలు కత్తిరించడానికి వాడిన పూల అద్దకం నూలు గుడ్డే చింట్జ్. ఆ చింట్జ్ ఓడలెక్కింది మన కోరమాండల్ తీరం నుంచే, మచిలీపట్నం కూడా అందులో పెద్ద రేవు. మన అద్దకాలవాళ్లు మంజిష్ఠ వేరుతో, చిరివేరుతో వేసిన ఎరుపు ఉతికినా పోదని యూరప్ అంతా పిచ్చెక్కిపోయింది, వాళ్ల నేతగాళ్లు గోల చేస్తే ఫ్రాన్స్ 1686లో, ఇంగ్లండ్ 1701లో, మళ్లీ గట్టిగా 1721లో నిషేధాలు కూడా పెట్టాయి. అంత ఖరీదైన గుడ్డ కాబట్టి ఒక్కో పువ్వునీ కత్తిరించి దాచుకుని పెద్ద తెల్లగుడ్డ మీద పరిచి కుట్టేవాళ్లు, కొంచెం చింట్జ్‌తో మంచమంతా నిండేది. తర్వాతి కాలంవి ఇంగ్లండ్‌లో అచ్చేసిన చింట్జ్‌తో కూడా చేశారు, కాబట్టి ప్రతిదీ మనదే అని పక్కవాళ్లతో పందేలు కట్టకండి, కార్డు చూసి మాట్లాడండి.

మధ్యాహ్నం అయ్యేసరికి ఆకలేస్తుంది. లోపల ఫుడ్ దొరుకుతుంది కానీ వెజ్ అంటే పెద్దగా ఏం ఉండదు. మేం డబ్బాలో పులిహోర కార్లో ఉంచుకుని డిస్కవరీ గ్రీన్‌లో చెట్ల కింద తింటాం. కాళ్లకి అరగంట రెస్టు కూడా.

చేసినవాళ్లు తమ క్విల్ట్ దగ్గరే నిలబడి ఉండటం జరుగుతుంది, మాట్లాడండి. అందరూ అడిగేది ఎన్ని రోజులు పట్టింది అని, వాళ్లు దానికి చెప్పి చెప్పి విసిగిపోయి ఉంటారు. ఎక్కడ విప్పి మళ్లీ కుట్టారు అని అడగండి. ఈ ప్రశ్నకి నాకు ఒక్కరు కూడా ముక్తసరిగా జవాబు చెప్పలేదు, అదిగో ఆ మూల మూడుసార్లు విప్పా అని మొదలుపెడితే పక్కనున్న మొగుడు కూడా వచ్చి ఆ మూల గురించి తన బాధ చెప్పుకుంటాడు.

ఇప్పుడు షాపులకి వెళ్లండి. పేర్లకి కంగారుపడకండి. ఫ్యాట్ క్వార్టర్ అంటే గజం బట్టలో పావు భాగం, కానీ సన్నగా పొడుగ్గా కాకుండా సుమారు 18 బై 22 అంగుళాల ముక్క. జెల్లీ రోల్ అంటే రెండున్నర అంగుళాల వెడల్పు పట్టీలు చుట్ట చుట్టి ఉంటాయి, లేయర్ కేక్ అంటే పది అంగుళాల చదరం ముక్కలు. పేర్లు విని మా అబ్బాయి నిజంగా కేకేమో అని వెంటపడ్డాడు. బడ్జెట్ ముందే అనుకుని వెళ్లండి, నగదు అయితే ఇంకా మంచిది, అయిపోతే అయిపోయినట్టే. ఇండియన్ హ్యాండ్ బ్లాక్ ప్రింట్ అని ఒక స్టాల్‌లో నేను అరగజం కొని ఇంటికొచ్చి తిరగేసి చూస్తే, డిజైన్ ఒక్క మిల్లీమీటరు కూడా తేడా లేకుండా రిపీట్ అవుతోంది, అచ్చు మిషన్ ప్రింట్. చేతి అచ్చు అద్దకాలకి పేరున్న పెడన పక్కన పుట్టి నేను ఇలా మోసపోయానని ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు. చేతి అచ్చు అయితే అచ్చుకీ అచ్చుకీ కలిసేచోట చిన్న తేడా ఉంటుంది, కొంచెం ఎక్కిందో దిగిందో, అది చూసుకుని కొనండి. పాత సింగర్ మిషన్లు అమ్మేవాళ్లు ఉంటే ఫెదర్‌వెయిట్ అని నల్లది, చిన్నది, చూపించమనండి, 1930ల నాటి మోడల్, బరువు ఐదు కిలోలే. అత్తయ్య దాన్ని చూసి మనింట్లో ఉన్నది దీని పెదనాన్నలా ఉంది అంది.

హ్యూస్టన్ డేట్లు కుదరనివాళ్లకి, ఆస్టిన్ వెళ్లే దారిలో లా గ్రేంజ్ ఊళ్లో టెక్సాస్ క్విల్ట్ మ్యూజియం ఉంది, 2011లో పెట్టారు, ఈ ఫెస్టివల్ మొదలుపెట్టిన కేరీ బ్రెసెన్‌హానే తన కజిన్‌తో కలిసి. వారంలో అన్ని రోజులూ తెరవరు, చూసుకుని వెళ్లండి. నెబ్రాస్కా లింకన్‌లో ఇంటర్నేషనల్ క్విల్ట్ మ్యూజియం ఇంకా పెద్దది. యూకేలో ఉన్నవాళ్లకి బర్మింగ్‌హామ్‌లో జూలై చివరికీ ఆగస్టు మొదటికీ మధ్య ఫెస్టివల్ ఆఫ్ క్విల్ట్స్ ఉంది. మ్యూజియంలో లైటు మసకగా ఉందని విసుక్కోకండి, బట్ట రంగు వెలుతురుకే పోతుంది, అందుకని 50 లక్స్ (వెలుతురు కొలిచే లెక్క) దగ్గరే ఉంచుతారు, లోపలికెళ్లాక ఐదు నిమిషాలు కళ్లు అలవాటు పడనివ్వండి. ఇండియా వెళ్లినప్పుడు కర్ణాటకలో యల్లాపుర, హళియాళ వైపు సిద్దీలు (ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు) కుట్టే కవంది అనే బొంతలు ఎక్కడన్నా ప్రదర్శనకి పెడితే చూడండి, పాత బట్టల ముక్కలు అంచుల నుంచి మొదలుపెట్టి మధ్యకి కుట్టుకుంటూ వస్తారు, చివరికి నాలుగు మూలలా మడిచిన చిన్న గుడ్డ త్రికోణాలు పెడతారు, వాటిని పువ్వులంటారు, అవి లేకపోతే కవంది బట్టల్లేకుండా ఉన్నట్టు అని వాళ్లనుకుంటారట.

ఇంటికొచ్చాక ఇంకో పని ఉంది. ఆ రోజే కూర్చుని నోట్‌బుక్‌లో ఆ పదింటి పక్కన ఒక్కో లైను రాయండి, రేపు అంటే ఇక అవ్వదు. తర్వాత మీ ఇంట్లో బొంత ఏదన్నా ఉంటే బయటికి తీయండి. అమ్మమ్మ ఇచ్చిందో, ఇండియా నుంచి పిల్లల కోసం తెచ్చిందో. ప్లాస్టిక్ కవర్లో పెట్టుంటే ముందు అందులోంచి తీసేసి పాత కాటన్ చీరలో చుట్టండి, చెమ్మ పట్టి బూజొస్తుంది లేకపోతే. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉంటే ఆ మడత దగ్గరే చిరుగుతుంది, మధ్యమధ్యలో తీసి వేరేలా మడవండి. మడిచే ముందు వెనక చూడండి.

నాకు ఈ పిచ్చి పట్టిందే అలా. ఒక క్విల్ట్ చేసినావిడకి గొప్పగా మా అమ్మమ్మ కూడా ఇవి కుట్టేది అని చెప్పా, ఆవిడ వెంటనే ఎన్ని పొరలు, ఏం దారం, మధ్యలో ఏం పెట్టేవారు అని మూడు ప్రశ్నలేసింది, నాకు ఒక్కటీ తెలీదు. ఆ రాత్రి బందరు ఫోన్ చేశా. అమ్మ అప్పుడే కాఫీ పెట్టుకుంటోంది. మధ్యలో దూదేంటే, అంత డబ్బెక్కడిది, మూడు పాత చీరలు ఒకదాని మీద ఒకటి పరవడమే, దారం కూడా కొనేది కాదు, చీర అంచులోంచి పోగులు లాగి మైనం రాసి వాడేది అంది. అని కాసేపాగి, అటక మీద ఒకటుంది, ఎలకలు కొట్టకుండా ఉంటే తీయిస్తా, దాని వెనక నా లంగా గుడ్డ ఉండాలి, పచ్చది, అంది.